బొంగరం పాటలు

టైర్ల దుకాణం పక్కనున్న ఇనుప మెట్లెక్కితే రేడియో గది వస్తుంది. గదంటే పెద్ద గదేం కాదు, అగ్గిపెట్టె. వీధి గోల లోపలికి రాకుండా గోడల నిండా గుడ్ల అట్టలు అంటించారు, తలుపుకి పాత దుప్పటి వేలాడదీశారు. ఒక కంప్యూటరు, నాలుగు మీటలున్న మిక్సర్, మేజోడు తొడిగిన మైకు, ఒక ఫోను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ మైకు ముందు నిలబడి పాటలు పెట్టే మనిషిని చుట్టుపక్కల వీధులన్నీ బొంగరం అంటాయి.

కుర్చీ లేక నిలబడటం కాదు. కుర్చీ ఉంది, అందులో ఆమె చేతిసంచీ కూర్చుంటుంది. పాట మొదలైతే ఆమెకు కాలు ఆడుతుంది. కాలిని ఆపుకుంటే వేళ్ళు బల్ల మీద దరువేస్తాయి. వేళ్ళని కూడా ఆపుకుంటే ఇంకేముంది, నోరు మొదలవుతుంది. కాళ్ళ చప్పుడు మైకులో పడుతోందని కింద పాత పరుపు ముక్క వేయించారు. ఏడాది తిరక్కుండా దానికి రెండు బొక్కలు పడ్డాయి.

పుట్టుకతోనే అంత. చిన్నప్పుడు అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని ఇల్లంతా తిరిగొచ్చి రెండో ముద్ద పెట్టించుకునేదట. "కాళ్ళకి చక్రాలు కట్టుకుని పుట్టావే నువ్వు," అని వాళ్ళమ్మ నెత్తి కొట్టుకునేది. ఆ అమ్మ తొందరగానే కన్నుమూసింది. అప్పటికి చెల్లెలు జడలు వేయించుకునే వయసు పిల్ల. దాన్ని పెంచి, చదివినంత చదివించి, వ్యాను నడుపుకునే ఒక బుద్ధిమంతుడికిచ్చి పెళ్ళి చేసింది బొంగరమే. తను మాత్రం పెళ్ళి జోలికి పోలేదు. ఎవరైనా అడిగితే, "ఒకచోట కూర్చోమనే మొగుడొస్తే వాడి గతేం కాను?" అని నవ్వేసేది. అక్క, చెల్లెలు, మరిది, ముగ్గురూ రెండు గదుల ఇంట్లో ఉంటారు. మరిది మాట తక్కువ మనిషి. ఆ ఇంట్లో ఇద్దరికి సరిపడా మాట్లాడే మనిషి ముందే ఉంది కనక ఇబ్బంది రాలేదు.

రేడియోకి రాకముందు బొంగరం పెద్ద బట్టల ఫ్యాక్టరీలో చొక్కాలకి కాలర్లు కుట్టేది. ఆ పేరు పెట్టింది కూడా అక్కడే, గుండీలు కుట్టే లైనులో అందరికంటే పెద్దావిడ. ఆవిణ్ణి అందరూ గుండీల పిన్ని అంటారు. "ఇది స్టూలు మీద కూర్చుందా, స్టూలు దీని మీద కూర్చుందా? బొంగరంలా ఆ తిరుగుడేంటే తల్లీ!" అంది ఒకరోజు. అంతే, అతుక్కుపోయింది.

ఆ ఫ్లోరు మీద మాట్లాడకూడదు. అది రూలు. బొంగరం మాట్లాడలేదు, పాడింది. సూపర్‌వైజరు వచ్చి నెత్తిన నిలబడ్డాడు.

"మాట్లాడొద్దని చెప్పానా లేదా?"

"మాట్లాడలేదు సార్. పాడా."

"పాట మాట కాదా?"

"మాటైతే మీరు నాకు జవాబు చెప్పేవారు కదా సార్."

లైను లైనంతా కిసుక్కుమంది. నవ్వినవాళ్ళని ఏమీ అనలేక సూపర్‌వైజరు నవ్వించిన మనిషిని గుర్తుపెట్టుకున్నాడు. కొన్నాళ్ళకి పనిలోంచి తీసేశారు. పనికి వంక పెట్టడానికి దొరక్క పాటకి పెట్టారు, చూడండి! అప్పటికే చెల్లెలు ఆ ఫ్యాక్టరీలో దారాలు కత్తిరించే పనిలో ఉంది. అక్క లేచిన మిషను మీద చెల్లెల్ని కూర్చోబెట్టారు.

పనికోసం కాలు కాలిన పిల్లిలా వీధులు తిరుగుతూ బొంగరం ఒకరోజు ఈ ఇనుప మెట్లెక్కింది. పైన మాస్టారున్నారు. బడిలో సంగీతం చెప్పి విశ్రాంతి తీసుకున్న మనిషి. విశ్రాంతి అన్నారు గానీ తీసుకున్నదెక్కడ? నాలుగేళ్ళు ఆఫీసుల చుట్టూ తిరిగి, నాలుగైదు వీధులకి మాత్రమే వినిపించే చిన్న రేడియోకి అనుమతి తెచ్చుకున్నారు. రేడియోతో జనాన్ని మార్చాలని ఆయన పట్టుదల. అందుకని పొద్దున పరిశుభ్రత మీద ప్రసంగం, మధ్యాహ్నం పొదుపు మీద ప్రసంగం, మధ్యమధ్యలో దయతలచి ఒక పాట. వినేవాళ్ళెవరూ లేరు. కింద టైర్ల దుకాణం ఆయన కూడా వేరే స్టేషను పెట్టుకునేవాడు.

"ఊడవడానికి మనిషి కావాలా మాస్టారూ?" అని అడగడానికి వచ్చిన బొంగరం, తలుపు దగ్గర నిలబడి పావుగంట ప్రసంగం విని, ఉండబట్టలేక అడిగింది.

"మాస్టారూ, చేతులు కడుక్కోమని చెప్పడానికి ఇంతసేపా? ఈలోగా వాళ్ళు రేడియో కట్టేసి స్నానం కూడా చేసొస్తారు."

మాస్టారికి ముందు కోపం వచ్చింది. తర్వాత నవ్వొచ్చింది. ఆ తర్వాత, పోనీ రేపు ఒక్కరోజు నువ్వు పెట్టి చూడమ్మా అన్నారు. ఒకే ఒక్క నియమం చెప్పారు: పాటకీ పాటకీ మధ్య ఖాళీ వదలకూడదు. రేడియోలో అంతకంటే పాపం లేదు. ఖాళీ వదలడమా, బొంగరమా! పాట అయిపోకముందే ఇంకో పాట తోసేసేది.

వీధులకి రేడియో రుచి తెలిసింది. ఫోన్లు చేసి పాటలు అడగడం మొదలుపెట్టారు. పాట అడిగినవాళ్ళు ఊరుకుంటారా, పనిలోపనిగా మంచినీళ్ళు రావడం లేదనీ, వీధి దీపం వెలగడం లేదనీ కూడా చెప్పేవాళ్ళు. అన్నిటికంటే పెద్ద గొడవ బస్సు. సాయంత్రం ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆడవాళ్ళు గుంపుగా నిలబడితే ఆ బస్సు ఆగకుండా దుమ్ము లేపుకుంటూ పోయేది. అర్జీలు పెట్టారు, ఎవరూ చెవిన వేసుకోలేదు. బొంగరం రోజూ ఒక పాట మొదలుపెట్టింది. "ఈ పాట మన గేటు దగ్గర ఆగకుండా పోయే బస్సు డ్రైవరన్న కోసం. అన్నయ్యా, మీకు ఏ తొందరుందో ఏమో, జాగ్రత్తగా వెళ్ళిరండి." రోజూ అదే పాట, అదే మాట, తేనె పూసినట్టు. వీధిలో ప్రతి దుకాణంలోనూ అది మోగేది. బస్సులో జనం కూడా డ్రైవరు మొహం చూసి ముసిముసి నవ్వులు నవ్వేవాళ్ళు. చివరికి ఒక సాయంత్రం బస్సు గేటు దగ్గర కీచుమంటూ ఆగింది. డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి, "ఎక్కండి తల్లీ, ఆవిడ పాట ఆపమని చెప్పండి!" అని దండం పెట్టాడు.

ఆ రోజు మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఇన్నాళ్ళూ ప్రసంగాలతో కానిది ఒక పాటతో అయింది. బొంగరానికి మాత్రం కాళ్ళు నేల మీద ఆనలేదు. పాటతో అవనిదంటూ ఏముంది అనుకుంది. ఆ అనుకోవడమే ఆమె కొంప ముంచింది.

ఎందుకంటే, అదే ఫ్యాక్టరీ వాళ్ళు ఫ్లోరు మీద నాలుగు మూలలా స్పీకర్లు పెట్టించి, వీళ్ళ రేడియోనే వినిపించడం మొదలుపెట్టారు. పాడిందని తీసేసిన చోటే ఇప్పుడు రోజంతా తన పాటలు! బొంగరం సంబరం అంతా ఇంతా కాదు. లోపల నోరు మూసుకుని కూర్చున్న ఆడవాళ్ళు ఆమె కళ్ళ ముందు మెదిలేవాళ్ళు. వాళ్ళకి ఊపిరాడాలని, ఒళ్ళు బరువు తెలియకూడదని ఏరి ఏరి హుషారు పాటలు పెట్టేది. డప్పులు దద్దరిల్లే పాటలు, కాలు నిలవనీయని పాటలు. అసలు మెల్లటి పాటంటే ఆమెకు ఒళ్ళంతా చీమలు పాకినట్టుండేది. మొదట గంటకి ఒకటైనా మెల్లటిది ఉండేది. పోను పోను అదీ మానేసింది.

ఒకరోజు ఫ్యాక్టరీ మేనేజరే స్వయంగా ఇనుప మెట్లెక్కి వచ్చాడు. చేతిలో స్వీట్ల డబ్బా.

"మీ పాటలొచ్చాక మా ఫ్లోరే మారిపోయిందమ్మా. ఏం హుషారు, ఏం హుషారు! ఇలాగే కొట్టండి," అన్నాడు.

బొంగరం ఆ డబ్బాని కుర్చీలో చేతిసంచీ పక్కన కూర్చోబెట్టింది. సాయంత్రం ఆ డబ్బా పట్టుకుని ఇంటికి పరుగెత్తింది. చెల్లెలు గోడకి చేరగిలబడి కాళ్ళు చాపుకుని ఉంది. పాదాలు వాచి ఉన్నాయి.

"చూడవే, ఎవరిచ్చారో చెప్పుకో! మీ మేనేజరు! మెట్లెక్కి వచ్చి మరీ ఇచ్చాడు. నా పాటల వల్ల మీ ఫ్లోరు మారిపోయిందట!"

చెల్లెలు డబ్బా వైపు చూసింది. ముట్టుకోలేదు.

"మారింది అక్కా. టార్గెట్ పెంచారు."

"అంటే?"

"పాట ఎలా పోతే చెయ్యి అలా పోతుంది. నీకు తెలీదా? నువ్వు కుట్టలేదా ఎప్పుడైనా? నీ పాట ఉరుకుతుంటే కాలు దానంతటదే పెడలు నొక్కేస్తుంది. సాయంత్రానికి ఎక్కువ కాలర్లు లేస్తున్నాయి. లేస్తున్నాయి కదా అని అదే లెక్క చేసేశారు. రెండోసారి కూడా పెంచారు మొన్న." ఆగి, నేల చూస్తూ అంది. "మా లైనులో ఏమంటున్నారో తెలుసా? మీ అక్క మన వెనక కర్ర పట్టుకుని నిలబడిందే అంటున్నారు."

బొంగరం చేతిలో డబ్బా అలాగే ఉండిపోయింది. కొట్టినా అంత నొప్పి పుట్టేది కాదు.

"ఇంకోటి చెప్పాలి," అంది చెల్లెలు. "మూడో నెల."

నిరుడు కూడా చెల్లెలు ఇదే మాట చెప్పింది. అప్పుడు ఇల్లు ఇల్లంతా గెంతింది బొంగరం. ఐదో నెలలో, మిషను ముందు కూర్చున్నది కూర్చున్నట్టే ఉండగా, కడుపు పోయింది. ఆసుపత్రిలో మరిది గోడకేసి తల ఆనించి నిలబడిన తీరు బొంగరం ఎప్పుడు కళ్ళు మూసుకున్నా కనిపిస్తుంది. ఈసారి డాక్టరమ్మ ముందే గట్టిగా చెప్పిందట: గంటకోసారి లేవాలి, కాసేపు నడవాలి, నీళ్ళు బాగా తాగాలి, బాత్రూంకి వెళ్ళాల్సి వస్తే ఆపుకోకూడదు.

"మరి లేవవే! చెప్పింది కదా ఆవిడ!"

"ఎలా లేవను? బాత్రూంకి వెళ్ళాలంటే లైనంతటికీ ఒక్కటే టోకెను. సూపర్‌వైజరు టేబుల్ మీదుంటుంది. అది ఖాళీగా ఉంటేనే వెళ్ళాలి. ఒకళ్ళు లేస్తే వెనకవాళ్ళ దగ్గర పని పేరుకుపోతుంది. పేరుకుంటే తిట్లు. అందుకే ఎవరం నీళ్ళు తాగం."

"పనే మానెయ్. నేనున్నా, మీ ఆయనున్నాడు."

"ఇప్పుడు మానేస్తే కాన్పు సెలవు పోతుంది, తర్వాత మళ్ళీ తీసుకోరు. ఈయన వ్యాను సంగతి నీకు తెలీదా? వారం నడిస్తే వారం ఇంటిముందే ఉంటుంది." చెల్లెలు కళ్ళు తుడుచుకుంది. "నాకు ఈ బిడ్డ కావాలక్కా. ఉద్యోగమూ కావాలి. రెండూ కావాలనుకోవడం తప్పా?"

తప్పెలా అవుతుంది? బొంగరం ఆ సాయంత్రం ఇంట్లోంచి వీధిలోకి, వీధిలోంచి ఇంట్లోకి తిరుగుతూనే ఉంది. మరిది చూసి చూసి, "వదినా, కాసేపు కూర్చోండి," అన్నాడు. కూర్చుంటే కదా.

మర్నాడు ఆమెకు తోచిన మొదటి ఉపాయం మెల్లటి పాటలు. పాట ఉరికితే చెయ్యి ఉరుకుతుంది కదా, పాట నడిస్తే చెయ్యి నడుస్తుంది. పళ్ళు బిగబట్టి పొద్దంతా నిదానం పాటలే పెట్టింది. ఒక్కో పాట అయ్యేసరికి గది గోడలు మీదికొచ్చినట్టుండేది. చెల్లెలి కోసం ఓర్చుకుంది. ఓర్చుకుంటే ఏమైంది? చేతులు నెమ్మదించాయి. టార్గెట్ నెమ్మదించలేదు. పని పూర్తయ్యేదాకా గేటు తీయలేదు. చెల్లెలు చీకటి పడ్డాక గోడలు పట్టుకుంటూ ఇల్లు చేరింది.

పైగా మేనేజరు ఫోను. "ఏమ్మా, ఇవేం పాటలు? ఇక్కడ జనం జోగుతున్నారు. ఇలాగైతే మా పాటలేవో మేమే పెట్టుకుంటాం."

రెండో ఉపాయం, నోరు విప్పి చెప్పేయడం. హుషారు పాటల మధ్యలో మైకు తీసుకుని, ఎవరి పేరూ ఎత్తకుండా, "కూర్చుని పనిచేసే అక్కలూ, చెల్లెళ్ళూ, గంటకోసారి లేవండి, నాలుగడుగులు వేయండి, మంచినీళ్ళు తాగండి. మిమ్మల్ని కూర్చోబెట్టినవాళ్ళకి కూడా అమ్మలున్నారు," అంది. చెప్పి గుండె నిండా గాలి పీల్చుకుంది. సాయంత్రం చెల్లెలు రాగానే ఎదురెళ్ళింది.

"విన్నారా? ఏమన్నారు అందరూ?"

"ఏం వినాలి?"

"నేను చెప్పింది!"

చెల్లెలు జాలిగా చూసింది. "నీ మాటలు మాకెప్పుడూ వినపడవక్కా. సూపర్‌వైజరు టేబుల్ పక్కనే స్పీకర్ల డబ్బా ఉంది. నువ్వు మాట్లాడటం మొదలుపెట్టగానే గొంతు తగ్గించేస్తాడు. పాట రాగానే పెంచుతాడు. మాకొచ్చేది పాట ఒక్కటే."

అదన్నమాట సంగతి! ఆ ఫ్లోరు కోసమని వేసిన జోకులు, అడిగిన క్షేమసమాచారాలు, పిన్నికి పుట్టినరోజు శుభాకాంక్షలు, ఒక్కటంటే ఒక్కటి లోపలికి పోలేదు. ఆమె తమతో మాట్లాడుతోందని కూడా వాళ్ళకి తెలియదు. దరువు మాత్రం వెళ్ళింది. గుడ్ల అట్టల గదిలో ఇన్నాళ్ళూ తనతో తనే మాట్లాడుకున్నట్టు తోచి బొంగరం మొదటిసారి సిగ్గుపడింది. ఎవరిమీద కోపం తెచ్చుకోవాలో తెలియక గిన్నెలన్నీ మళ్ళీ తోమింది.

వారం గడిచింది. చెల్లెలి పాదాల వాపు తగ్గలేదు. బొంగరం పాటలు పెడుతోంది గానీ ఏ పాట పెట్టాలో తేలడం లేదు. హుషారు పాట పెడితే చెల్లెల్ని తరిమినట్టు, మెల్లటిది పెడితే చీకటిదాకా కట్టేసినట్టు. ముందుకి పోతే నుయ్యి, వెనక్కి పోతే గొయ్యి.

అలాంటప్పుడు ఒక సాయంత్రం చెల్లెలు కాస్త తేటగా ఇంటికొచ్చింది. మొహం కూడా వాడలేదు.

"ఇవాళ కరెంటు పోయిందక్కా. ఎంత హాయిగా ఉందో! జనరేటరు కూడా మొరాయించింది. అందరం లేచాం. బాత్రూంకి వెళ్ళొచ్చా, నీళ్ళు తాగా, ఆ చివరిదాకా నడిచొచ్చా."

"టోకెను?"

"కరెంటు పోతే టోకెను ఎవడడుగుతాడు? ఎవరి తప్పూ కాదు కదా. ఎవరూ ఎవర్నీ ఏమీ అనరు. అదొక్కటే మాకు తీరిక."

బొంగరం చేతిలో గరిటె ఆగింది.

"కరెంటు నా చేతిలో లేదు," అంది మెల్లగా. "పాట ఉంది."

ఇలాంటి ఆలోచన ఇంకెవరికైనా వస్తుందా అంటే, వచ్చినా నవ్వుకుని ఊరుకుంటారు. బొంగరం ఊరుకునే రకమా? మర్నాడు పని వదిలే వేళకి గేటు దగ్గర నిలబడింది. బస్సు కోసం నిలబడ్డ ఆడవాళ్ళు ఆమెను చూసి మొహాలు తిప్పుకున్నారు. కర్ర పట్టుకున్న మనిషి కదా మరి. గుండీల పిన్ని ఒక్కతే దగ్గరికొచ్చింది.

"ఏమే, ఎలా ఉన్నావ్? పాటలు ఇరగదీస్తున్నావుగా. మా నడుములు కూడా."

"తప్పయింది పిన్నీ. తెలీక చేశా. తెలిశాక నిద్ర పట్టట్లేదు." బొంగరం అందరికీ వినపడేలా అంది. "ఎల్లుండి పదకొండింటికి పాట ఆపేస్తా. ఒక పాట పట్టేంతసేపు ఏమీ రాదు. కరెంటు పోయినట్టే అనుకోండి. లేవండి. నడవండి. మళ్ళీ పాట రాగానే కూర్చోండి."

పిన్నే తల ఊపింది, ఒప్పుకుంటున్నట్టు కాదు.

"కరెంటు పోతే మిషనే ఆగుతుంది తల్లీ. పాట పోతే మిషను ఆగదు. ఆపాల్సింది మేము. ఆ తేడా నీకు తెలీదా? నలుగురు లేచి నలభై మంది కూర్చుంటే ఆ నలుగురి గతేంటి?"

"అందరూ లేస్తే?"

"అందరూ అనేది నేను ఇంతవరకు చూడలేదు. మాటిమ్మంటే ఇవ్వను." బస్సొచ్చింది. పిన్ని ఎక్కేసింది. ఒక్కొక్కళ్ళే ఎక్కేశారు.

ఇంటికి నడుస్తూ బొంగరం అంది, "వద్దులేవే. ఆపను. ఇంకేదైనా చూద్దాం."

"ఆపక్కా," అంది చెల్లెలు. నోట్లో నాలుక లేని పిల్ల, గొంతులో ఎక్కడిదో పట్టుదల. "నేను లేస్తా. ఎవరు లేచినా లేవకపోయినా లేస్తా."

"పిచ్చా నీకు? ఒక్కదానివే లేస్తే అక్కడికక్కడే పీకేస్తాడు!"

"కూర్చుంటే నిరుడు ఏమైందో చూశావుగా."

బొంగరం చెల్లెలి చేతిలోని టిఫిను డబ్బా అందుకుని, దాని అడుగుతో పాటే మెల్లగా నడిచింది.

ఆ రోజు రానే వచ్చింది. మాస్టారికి చెప్పలేదు. చెబితే వద్దంటారు, వద్దంటే తను వినదు, వినకపోతే ఆయన బాధపడతారు. ఇన్ని ఎందుకని ఊరుకుంది. ఆయన బయట వరండాలో చిన్న ట్రాన్సిస్టరు చెవికి ఆనించుకుని తమ రేడియో తామే వింటూ కూర్చున్నారు. బొంగరం పొద్దున్నుంచి మామూలుగానే పాటలు పెట్టింది. పదకొండు కావస్తుంటే గడియారం వైపే చూస్తూ నిలబడింది. పాట చివరికొచ్చింది. దరువు ఆగింది. ఆమె చెయ్యి అలవాటు ప్రకారం తర్వాతి పాట మీదికి పోయింది. దాన్ని రెండో చేత్తో పట్టుకుని వెనక్కి లాగి, మీటని పూర్తిగా కిందికి దించేసింది.

ఏమీ లేదు.

ఆ గదిలో అలాంటి నిశ్శబ్దం ఆమె ఎప్పుడూ వినలేదు. కింద టైర్లకి గాలి కొట్టే చప్పుడు, రోడ్డు మీద ఎవరో ఎవర్నో పిలిచిన పిలుపు, అన్నీ ఒక్కసారి మీదికొచ్చాయి. ఇప్పుడు అక్కడ ఏమవుతోంది? సూపర్‌వైజరు డబ్బా తట్టి చూస్తుంటాడు. గొంతు పెంచి చూస్తుంటాడు. చెల్లెలు స్టూలు వెనక్కి జరిపి ఉంటుంది. లేచి ఉంటుంది. అటూ ఇటూ చూసి ఉంటుంది. అందరూ తలలు వంచుకుని కుడుతూనే ఉన్నారేమో. ఆ మిషన్ల మధ్య ఇది ఒక్కతే, పొట్ట మీద చెయ్యి వేసుకుని నిలబడి ఉందేమో. పాట పెట్టేస్తే? ఇప్పుడే పెట్టేస్తే కూర్చుంటుంది కదా, ఎవరూ చూడకముందే కూర్చుంటుంది కదా. వేళ్ళు మీట మీదికి వెళ్ళాయి. వచ్చాయి. మళ్ళీ వెళ్ళాయి.

"ఏమైందమ్మా రేడియోకి?" కింద నుంచి టైర్ల దుకాణం ఆయన కేక.

దుప్పటి తోసుకుని మాస్టారు లోపలికొచ్చారు, చేతిలో ట్రాన్సిస్టరు. "తీగ ఊడిందా? ఏమైంది?"

"ఏం కాలేదు మాస్టారూ. నేనే ఆపా."

"ఆపావా? మతుండే ఆపావా? పెట్టు! ముందు పెట్టు!" ఆయన చెయ్యి చాపారు. బొంగరం మీట మీద అరచెయ్యి బోర్లించింది.

"మా చెల్లెలు ఈపాటికి లేచి ఉంటుంది మాస్టారూ. బిడ్డ కోసం లేచింది. మీరిప్పుడు పాట పెడితే అది మధ్యలో నిలబడిపోతుంది." మీట మీంచి చెయ్యి తియ్యకుండానే అంది. "మీ కాళ్ళు పట్టుకుంటా. ఇంకాస్తసేపు."

మాస్టారు ఆమె మొహం చూశారు. ఎన్నడూ కదలకుండా ఉండని మనిషి చెయ్యి ఆ మీట మీద బిగుసుకుని తెల్లబడి ఉంది. ఆయన కుర్చీలో ఉన్న చేతిసంచీని ఒళ్ళో పెట్టుకుని కూలబడ్డారు.

ఫోను మోగింది.

బొంగరం కదల్లేదు. మాస్టారే ఎత్తారు. అవతలి గొంతు గదంతా వినపడుతోంది. రెండు మాటలు విని రిసీవరు ఆమె చేతికిచ్చారు.

"ఏమైంది మీ రేడియోకి? చచ్చిందా?" మేనేజరు అరుస్తున్నాడు. "పాట పెట్టు ముందు! వినపడుతోందా?"

బొంగరానికి వినపడుతూనే ఉంది. కానీ ఆమె చెవి ఆయన మాట మీద లేదు, ఆయన వెనక ఉంది. ఆ ఫ్లోరు మీద పక్క మనిషికి ఏదైనా చెప్పాలన్నా గొంతు చించుకోవాలి, అన్ని మిషన్లు. ఆయన ఆ అలవాటు మీదే గొంతు చించుకుంటున్నాడు, అవసరం లేకపోయినా. ఎందుకంటే వెనక ఒక్క మిషను కూడా కదలడం లేదు. చెప్పుల చప్పుడు మాత్రం ఉంది. ఒక జత కాదు, పది జతలు కాదు. ఫ్లోరు ఈ చివరి నుంచి ఆ చివరికి, తొందర లేకుండా, ఈడ్చుకుంటూ నడుస్తున్న చెప్పులు. ఎవరో దగ్గారు. ఎవరో పెద్దగా ఆవులించారు. గుండీల పిన్ని గొంతు, "అబ్బా, నడుమూ," అంది తీరిగ్గా.

బొంగరం కళ్ళల్లోంచి నీళ్ళు జారిపోతున్నాయి. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

"ఉన్నావా లైనులో? ఇక్కడ మొత్తం లేచి తిరుగుతున్నారు! మొదట ఎవరు లేచారంటే ఒక్కరూ చెప్పరు! అందరూ నేనే అంటే నేనే అంటున్నారు!" ఆయన గొంతులో కోపం పోయి ఇంకేదో వచ్చింది. "ఎవర్ని పీకమంటావ్ చెప్పు? అసలు నీ పాట వస్తుందా, రాదా?"

"వస్తుంది సార్," అంది బొంగరం. "ఇంకో రెండు నిమిషాల్లో వస్తుంది. మళ్ళీ పన్నెండింటికి ఆగుతుంది."